ఏడో రీలు

మా అమ్మకు కోపం రాదని మా బంధువుల్లో పెద్ద పేరు. "అంజమ్మా? దేవత! ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గొంతు లేపిందా?" అంటారు, ఆవిడ వండిన అన్నం తింటూ, ఆవిడ చేతే మజ్జిగ పోయించుకుంటూ. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నోరు నొక్కేసిన మనిషిని దేవత అనడం ఎంత తేలిక! నాకు కోపం ఎక్కువని, అది మా నాన్న వైపు నుంచి వచ్చిందని కూడా వాళ్ళే తేల్చారు. అది అమ్మ వైపు నుంచే వచ్చిందని మొన్న మాఘమాసంలో అందరికీ తెలిసింది.

మాది గురజాల దగ్గర పల్లెటూరు. మా తాత పుల్లయ్య ఆ ఊరికి చాలాకాలం సర్పంచి. ఆయన దాటమన్న గట్టు దాటాలి, ఆగమన్న చోట ఆగాలి. అమ్మ పదో తరగతిలో ఉండగా బడి మాన్పించి, మా అమ్మమ్మ తమ్ముడికే ఇచ్చి చేశాడు. ఆయనే మా నాన్న. పొలం బయటివాళ్ళకు పోకూడదన్నదొకటే కారణం. అమ్మకూ నాన్నకూ పద్నాలుగేళ్ళ తేడా. మా నాన్న చెడ్డవాడు కాదు, కొట్టలేదు, తిట్టలేదు. భార్యను ఏదైనా ఒక మాట అడగవచ్చని ఆయనకు పోయేదాకా తోచలేదు, అంతే.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు పిల్లకు ఇష్టమో కాదో పిల్లను అడగరు. పిల్ల పక్కన మేనత్త కూర్చుంటుంది. మగపెళ్ళివారి పెద్ద ఆవిడవైపు తిరిగి "మీ పిల్లకి ఇష్టమేనా?" అంటాడు. మేనత్త పిల్ల ముఖం వైపు ఒకసారి చూసి "మా పిల్ల తల వంచింది" అని చెబుతుంది. అంతే, పళ్ళేలు చేతులు మారతాయి. ఇంటి పిల్ల తల వంచకపోవడమన్నది ఇంతవరకూ జరగలేదు. పట్టుచీర కట్టి, పూలజడ వేసి, ఇరవైమంది మగవాళ్ళ మధ్య పీటమీద కూర్చోబెడితే ఎవరి తలైనా కిందికే చూస్తుంది మరి! అమ్మకు వాళ్ళ మేనత్త అలాగే చెప్పింది. నాకు చెప్పడానికి మా నాన్నకు అక్కచెల్లెళ్ళు మిగల్లేదు కాబట్టి, వరసకు మేనత్త అయ్యే ఎవరినో ముప్పాళ్ళ నుంచి పిలిపించారు. ఆవిడను నేను అంతకు ముందు చూడనైనా లేదు.

ఇక ఆ సినిమా సంగతి. అమ్మ పెళ్ళికి కాస్త ముందు, మిరప కోతలు అయిపోయాక, తాత పొలంలోనే డేరా హాలు వేశారు. ముందు నేల, వెనక బెంచీలు, ఆ వెనక నాలుగు కుర్చీలు. నేలను నిలువునా రెండు చేసి ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య గోనెపట్టాలు కట్టేవారట. ఆడిన సినిమా పేరు 'ఏడు మేడల రాకుమారి'. అమ్మ తన జన్మలో దాన్ని చూసినన్ని సార్లు ఇంకే సినిమా చూడలేదు. తర్వాత వచ్చినవన్నీ ఆవిడకు "ఏదోలే" అనిపించేవే. చిన్నప్పుడు నాకు అన్నం తినిపించాలన్నా, జ్వరం వస్తే పడుకోబెట్టాలన్నా ఆ కథే.

ఏడంతస్తుల మేడ మీద రాకుమారి హేమవల్లి. చీకట్లో తనంతట తాను వెలిగే పువ్వును ఎవరు తెస్తే వాళ్ళకు కూతుర్నిస్తానని వాళ్ళ నాన్న చాటింపు వేయిస్తాడు. కొయ్యగుర్రమెక్కి వెళ్ళిన మంచి రాకుమారుడు పువ్వును సంపాదిస్తాడు, దారిలో ఒక మాంత్రికుడు దాన్ని కాజేసి సభకు ముందుగా వచ్చేస్తాడు. రాజు ఇచ్చిన మాట తప్పడు కదా! "తీసుకువెళ్ళు" అంటాడు. హేమవల్లి కిక్కురుమనదు. తల వంచుకుని మాంత్రికుడి పడవెక్కుతుంది. అక్కడ నేలమీద కూర్చున్న ఆడవాళ్ళందరూ పైటలు నోట్లో కుక్కుకుని ఏడ్చేవారట. తర్వాత దీవి, రాక్షసులు, రాకుమారుడు రావడం, కత్తియుద్ధం, పెళ్ళి పాట.

"దీవిలో ఉందని ఆయనకెట్టా తెలుసు?" అని అడిగేదాన్ని నేను.

"మంచోళ్ళకి దేవుడే దారి చూపిస్తాడే."

"మరి ఆ పిల్ల వద్దని ఎందుకు చెప్పలా?"

"చెప్పకూడదే. అందుకేగా చివరికి అంత మంచి జరిగింది!"

ఊళ్ళో ఆ సినిమా అలా స్థిరపడిపోయింది. పెళ్ళిచూపుల్లో ఎవరైనా పిల్ల కాస్త తలెత్తితే "హేమవల్లిలాగా కూర్చోవే" అనేవారు. మా వీధి ఆడపిల్లలందరం ఆ మాట పడ్డవాళ్ళమే. అమ్మ పెళ్ళిఫొటోలో మెడ విరిగిపోయేటంత తల వంచుకుని ఉంటుంది. పాపిట తప్ప ముఖం కనిపించదు. ఆ ఫొటో చూపించి "అచ్చం పడవలో హేమవల్లే" అని మురిసిపోయేది. నేను విసుక్కుంటే నవ్వేది. ఆ పడవ ఎక్కినదాని దగ్గరికి గుర్రం వచ్చింది, మరి నీ దగ్గరికి వచ్చిందా అని అడగాలని చాలాసార్లు అనిపించింది. అడిగితే ఏడుస్తుందని ఊరుకున్నాను.

నేను నరసరావుపేటలో జాకెట్లు కుడతాను. మాఘమాసం మొదట్లో సంజన కొలతలకు వచ్చింది. సంజన మా బ్రహ్మయ్య మామయ్య చిన్నకూతురు. మామయ్య అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, తాత తర్వాత ఊళ్ళో పెద్దరికం ఆయనదే. వచ్చే శుక్రవారం సంజనకు తాంబూలాలు. పెళ్ళికొడుకు చైతన్య, నాదెండ్ల వైపువాళ్ళు. వాళ్ళ నాన్నకు పార్టీలో గట్టి పలుకుబడి ఉంది. మామయ్యకు ఈసారి మండలంలో టిక్కెట్టు కావాలి. ఇది ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. సంజనకేమో కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తయి, దాచేపల్లిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీకున చేరాలి. "మా కోడలికి ఆ దుమ్ము మింగే ఖర్మేం పట్టలేదు" అని చైతన్య వాళ్ళ నాన్న నవ్వుతూ చెప్పాడట. మామయ్య కూడా నవ్వాడట.

మెడ కొలత తీస్తూ "నీకు ఇష్టమేనటే?" అన్నాను.

"నన్ను ఈ మాట అడిగింది నువ్వే వదినా. మొదటిసారి."

"మీ నాన్నతో చెప్పకపోయావా?"

"మొదలుపెట్టా. 'మీ అత్త నోట మాట వచ్చేదాకా నువ్వు మాట్లాడబాక' అన్నాడు. అత్తేమో ఏం చెప్పుద్దో అందరికీ తెలుసుగా." టేపు నా చేతిలోంచి తీసుకుని తన వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "అత్త మంచిది వదినా. అదే నాకు భయం."

ఆ పిల్ల వెళ్ళాక నేను అమ్మకు ఫోన్ చేసి అరిచాను. అమ్మ అంతా విని, "ఆనవాయితీ మనం తీసెయ్యగలమటే? ఆడపిల్లకి ముందు అట్టాగే ఉంటది, తర్వాత సర్దుకుంటది" అంది. నేను ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డను కోపంలో అడ్డంగా కత్తిరించేశాను. అది సంజన గుడ్డే. మళ్ళీ కొత్తది తెప్పించుకోవలసి వచ్చింది.

సోమవారం అమ్మ మా ఇంటికొచ్చింది. శుభకార్యానికి ముందు పళ్ళ నొప్పి వదిలించుకుందామని. పంటి డాక్టరు వెనక పళ్ళు రెండు పీకి, దూది ఉండలు కుక్కి, "రక్తం ఆగేదాకా నోరు తెరవొద్దు, మాట్లాడొద్దు" అని పంపించాడు. మా అమ్మకు అదొక శిక్షా! బుగ్గ ఉబ్బించుకుని సోఫాలో బుద్ధిగా కూర్చుంది. ఫోన్‌లో జరిగిన గొడవకు నాకు లోపల కాస్త బాధగానే ఉంది. ఏదో ఒకటి పెడదామని టీవీలో వెతికితే 'ఏడు మేడల రాకుమారి' కనిపించింది. ఎవరో పాత ప్రింటు శుభ్రం చేసి మొత్తం సినిమా యూట్యూబ్‌లో పెట్టారు.

పేర్లు పడుతుంటేనే అమ్మ రెండు చేతులూ జోడించింది. నేను నవ్వాపుకున్నాను. కొయ్యగుర్రం ఎగిరితే తొడమీద చరుచుకుంది. మాంత్రికుడు పువ్వు కాజేస్తే టీవీకేసి చెయ్యి విదిలించింది. తర్వాత సభ వచ్చింది. రాజు "తీసుకువెళ్ళు" అన్నాడు. అమ్మ ఏడవడానికి సిద్ధంగా పైట కొంగు తీసి పట్టుకుంది. ఇక పడవ రావాలి.

పడవ రాలేదు. సభలో హేమవల్లి లేచి నిలబడింది.

"మహారాజా! పువ్వు కోరింది మీరు, తెచ్చింది ఆయన. మీరిద్దరూ చేసుకున్న బేరంలో నేనెక్కడున్నాను? నన్ను అడిగారా?"

అమ్మ కొంగు చేతిలోనే ఉండిపోయింది. హేమవల్లి కిరీటం తీసి నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ వెళ్ళి మంత్రి కాళ్ళ దగ్గర ఆగింది. రాజు ఆవిడను ఏడో మేడలో పెట్టి తాళం వేయించాడు. అక్కడ ఆవిడ తన చిలుక మెడకు ఉంగరం కట్టి రాకుమారుడి దగ్గరికి పంపింది. ఏ దీవికి రావాలో, ఏ వేళకు రావాలో చిలుకకు చెప్పింది. చెలికత్తె ఏడుస్తుంటే నవ్వి, "నేను పడవ ఎక్కుతాను. తల వంచుకునే ఎక్కుతాను. తలెత్తితే నా కళ్ళలో ఉపాయాన్ని వాడు చదివేస్తాడు" అంది. అప్పుడొచ్చింది పడవ. అదే పడవ, అదే వంచిన తల.

అమ్మ నోట్లోంచి దూది తీసి గిన్నెలో పడేసింది.

"వెనక్కి తిప్పు."

తిప్పాను. మళ్ళీ చూసింది. మళ్ళీ తిప్పమంది. మూడోసారి పడవ వచ్చేసరికి మా అమ్మ ముఖం నేనెప్పుడూ చూడని ముఖం. పెదవి చివర రక్తం ఉంది. తుడుచుకోలేదు.

"ఇది మాకు చూపించలా." టీవీకేసి వేలు చూపించింది. "ఇంత ఉంటే ఇంతా మాకు చూపించలా! దేవుడు దారి చూపించాడంట, దేవుడు! అదే పంపించుకుందిగా చిలకని! అది తల వంచింది వాణ్ణి ముంచటానికే! నేనెందుకు వంచినట్టు? నేనెవణ్ణి ముంచటానికి వంచినట్టు చెప్పు!"

డాక్టరు మాట్లాడవద్దన్నాడని గుర్తు చేస్తే, "వాడూ ఒకడు!" అంది.

రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి చీర మార్చుకుని కూర్చుంది. "ఆపరేటరు నాగూర్ వలి బతికే ఉన్నాడా?" అని అడిగింది. డేరా హాల్లో మిషను తిప్పిన నాగూర్ వలి దాచేపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. టైముకు ఆట వదలాలని ఆపరేటర్లు రీళ్ళు ఎగరగొట్టడం అందరికీ తెలిసిన సంగతే. అలా వాడి ఇష్టానికి తన సినిమా తినేశాడని అమ్మ మంట. "ఆ ముసలోణ్ణి అడగకపోతే నాకు నిద్ర పట్టదు" అంది. పిడుగురాళ్ళ మీదుగా బస్సులో వెళ్ళాం. దారంతా పర్సు జిప్పు లాగుతూ వేస్తూ కూర్చుంది.

నాగూర్ వలి కొడుకు యాసిన్‌కు మెయిన్ రోడ్డు మీద లారీల రిపేరు షెడ్డు ఉంది. సిమెంటు దుమ్ముకు షెడ్డు, లారీలు, మనుషులు అంతా ఒకే రంగు. పాత లారీ సీటు ఒకటి నేలమీద వేసి దాని మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. అమ్మను పోల్చుకుని లేవబోయాడు.

"పుల్లయ్యగారి అంజమ్మ! రా తల్లీ. అక్తర్, ఛాయ్ పెట్టు!" అని లోపలున్న కోడలికి కేకేశాడు.

"ఛాయ్ వద్దు ఏమొద్దు బాబాయ్. ఏడు మేడల రాకుమారిలో సభ రీలు ఏం చేశావ్?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది. ఎన్నో సినిమాలు ఆడించిన మనిషి. ఏ రీలు అని తిరిగి అడగలేదు.

"ఏడో రీలు" అన్నాడు మెల్లగా.

"నీకు ఇంటికి తొందరైతే పాట లేపెయ్యొచ్చుగా! రాక్షసుల్ని లేపెయ్యొచ్చుగా! అదే దొరికిందా నీకు?"

"నేను లేపలా తల్లీ. మొదటిరోజు మొత్తం ఆడించా. మీ ఇళ్ళ ఆడోళ్ళు మొదటిరోజు రారుగా."

అది నిజం. కొత్త సినిమా వస్తే ముందు మగవాళ్ళు చూసి, ఇంటి ఆడవాళ్ళు చూడదగినదో కాదో చెప్పేవారు. రెండో రోజో మూడో రోజో రైతుల ఇళ్ళ ఆడవాళ్ళను పంపేవారు. మొదటిరోజు నేలమీద కూర్చునేది కూలికి వెళ్ళే ఆడవాళ్ళే.

"ఆ పిల్ల కిరీటం ఇసిరికొట్టిందా, నేలలో ఆడోళ్ళు మొత్తం లేచి నిలబడి చప్పట్లు. గోనెపట్టా ఊడి కింద పడింది. మీ నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆట వదిలాక చెప్పులతోటే నా క్యాబిన్‌లోకి వచ్చాడు. 'రేపు మా పిల్ల వస్తది. ఆ రీలు లేకుండా ఆడించు' అన్నాడు. 'ఎల్లుండి వెయ్యనా?' అన్నా. 'ఈ ఊళ్ళో ఆడినన్నాళ్ళూ వెయ్యొద్దు' అన్నాడు. డేరా వేసింది ఆయన పొలంలో. కాదంటే ఆ పొద్దే పీకిచ్చేవాడు."

అమ్మ షెడ్డు స్తంభం పట్టుకుంది. లారీ కింద పడుకుని పని చేస్తున్న యాసిన్ సుత్తి ఆపేశాడు.

"మా పిల్ల వస్తది అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే. నీ తాంబూలాలు ఆ వారమేగా."

"పక్కూళ్ళలో?"

"పక్కూళ్ళలో మొత్తం ఆడించా. మీ ఊరు ఒక్కటే."

అప్పుడు అరిచింది మా అమ్మ. రోడ్డు మీద పోయే లారీల మోతలో కూడా వినిపించేటట్టు అరిచింది. "తెలిసీ నోరు మూసుకున్నావా ఇన్నేళ్ళు? మా నాన్న పోయినాకన్నా చెప్పటానికి నీకేం రోగం? మా ఊరొచ్చావు, మా ఇంట్లో కూర్చున్నావు, మా అన్నం తిన్నావు!"

ముసలాయన చేతులు జోడించాడు. "నాకది ఒక రీలు తల్లీ. నీకింత అని నాకేం తెలుసు?"

అక్తర్ బేగం తెచ్చిన టీ అలాగే వదిలేసి బస్టాండుకు నడిచాం.

బస్సులో మాట్లాడింది. "జ్ఞానమ్మ చెప్పిందే" అంది కిటికీలోంచి చూస్తూ. జ్ఞానమ్మ మా పొలంలో మిరపకాయలు కోసిన మనిషి, నాకు లీలగా గుర్తు. "మరుసటేడు కోతల్లో నేను కథ చెబుతుంటే 'కాదు అమ్మాయిగారూ, ఆ పిల్ల కిరీటం ఇసిరికొట్టిద్ది' అంది. మేమంతా విరగబడి నవ్వాం. నిద్రపోయి కల కన్నావటే అన్నాం. అది ఒట్టు పెట్టుకుంది, ఏసు మీద ఒట్టు పెట్టుకుంది, అయినా నవ్వాం. పాలెంలో కూలికెళ్ళే ఆడోళ్ళందరికీ తెలుసు. మాకే తెలీదు. రైతుల ఇళ్ళలో పుట్టినందుకు మాకే తెలీదు!"

నాకు మా తాత మీద పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. కొట్టి పెళ్ళి చేసినా ఇంత మండేది కాదు. ఆ పిల్లకు వద్దు అనే మాట ఒకటి ఉంటుందని తెలియనివ్వలేదు ఆయన. సర్పంచి బుర్ర అంత బాగా పని చేసింది. కూతురు తనంతట తనే తల వంచిందని అందరూ అనుకున్నారు, చివరికి కూతురు కూడా అదే అనుకుంది.

"సంజన సంగతేం చేస్తావ్?" అన్నాను.

పిడుగురాళ్ళ వచ్చేదాకా పర్సు జిప్పు లాగుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున మామయ్య ఇల్లు కార్లతో నిండిపోయింది. హాల్లో నాదెండ్లవాళ్ళు ఒకవైపు, మావాళ్ళు ఒకవైపు, మధ్యలో పళ్ళేలు. గోడమీద తాత ఫొటో, దానికి గంధపు దండ, కింద రాత్రీ పగలూ వెలిగే చిన్న ఎర్ర బల్బు. సంజనను తెచ్చి పీటమీద కూర్చోబెట్టారు. జాకెట్టు నేను కుట్టిందే, అతికినట్టు ఉంది. తల వంచుకుని ఉంది. పక్కన మా అమ్మ, బుగ్గ వాపు తగ్గి, ఎప్పటిలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. బస్సు దిగిన దగ్గర్నుంచి అమ్మ ఈ విషయం ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి ఎప్పటిలా వంట చేసిందట, గేదెల్ని చూసుకుందట. కోపం దిగిపోయిందేమోనని నా భయం.

చైతన్య వాళ్ళ నాన్న తెల్లచొక్కా సర్దుకుని, ఆనవాయితీ ప్రకారం అమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, మీ పిల్లకి ఇష్టమేనా?"

అమ్మ సంజన వైపు చూసింది. ఆ తర్వాత స్పష్టంగా అంది:

"మా పిల్ల తల వంచింది."

హాలంతా ఊపిరి పీల్చుకుంది. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, ఏడుపుతో కాదు, మంటతో. ఎవరో "శుభం" అన్నారు. మామయ్య నవ్వుతూ పళ్ళెం అందుకోవడానికి వంగాడు. అమ్మ ముందుకు జరిగి ఆ పళ్ళెం మీద చెయ్యి పెట్టింది.

"ఎందుకు వంచిందో దాన్నే అడగండి."

ఎవరికీ అర్థం కాలేదు. మామయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"అక్కా, ఏందిది? చెప్పాల్సిన మాట చెప్పావుగా, చెయ్యి తియ్యి."

"చెప్పా. నాకు మా అత్త చెప్పినట్టే చెప్పా. తల వంచిందంటే ఇష్టమని ఎవడు చెప్పాడురా నీకు? భయమేసినా వంచుద్ది. ఏడుపొచ్చినా వంచుద్ది. నిన్ను చూడబుద్ధి కాకపోయినా వంచుద్ది. అడుగు!"

"పెద్దోళ్ళ ముందు పరువు తియ్యబాక. లోపలికెళ్ళి మాట్లాడుకుందాం..."

"లోపలికెళ్ళి మాట్లాడుకునేదేంది! దీని పెళ్ళి సంగతి దీని ముందు మాట్లాడటానికి నీకు సిగ్గా? నాన్న చేసింది చాలు, నువ్వు నాన్నవి కాబాకు రా బ్రహ్మయ్యా!" పళ్ళెం మీద చెయ్యి తియ్యకుండానే సంజన వైపు తిరిగింది. "సంజనా! తలెత్తవే. ఇక్కడ రీళ్ళు లేపేసేవాడు ఎవడూ లేడు. నేను కూర్చున్నా."

రీళ్ళేమిటో అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. సంజన తలెత్తింది. కాటుక చెదిరిపోయి ఉంది. వాళ్ళ నాన్ననే చూస్తూ అంది.

"నాకిష్టం లేదు నాన్నా. ఆయన మీద కోపం లేదు, ఆయనెవరో కూడా నాకు తెలీదు. నేను ఒకటో తారీకు ల్యాబ్‌లో చేరతా."

నాదెండ్లవాళ్ళు లేచారు. వాళ్ళ పెద్దాయన ఏదో అనబోయి, అమ్మ ముఖం చూసి మానేసి, "పిలిచి అవమానం చేశారు" అని మామయ్యతో మాత్రం అన్నాడు. చైతన్య అప్పటికే బయట చెప్పులు వేసుకుంటున్నాడు. అతణ్ణి కూడా ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. కార్లు వెళ్ళిపోయాక మామయ్య విరుచుకుపడ్డాడు. టిక్కెట్టు పోయిందన్నాడు, ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు, మతి పోయిందా నీకు అన్నాడు. మా అమ్మను, దేవతను, ఆ మాటలన్నీ అన్నాడు. అమ్మ ఆయనవైపు తిరగనైనా లేదు. లేచి వెళ్ళి తాత ఫొటో ముందు నిలబడింది.

"చూశావా?" అంది ఫొటోతో. "నువ్వు తీయించిన రీలు మీ ఇంట్లోనే ఆడింది. మొత్తం చూశావా?"

తాత ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని, చేతికర్ర పట్టుకుని, ఎదురుగా చూస్తున్నాడు. అమ్మ గోడ పక్కకు చెయ్యి చాపి స్విచ్చు నొక్కింది. ఆయన పోయిన రోజు నుంచి వెలుగుతున్న ఆ ఎర్ర బల్బు ఆరిపోయింది. మామయ్య అరుపు ఆపేశాడు. మళ్ళీ స్విచ్చు వెయ్యడానికి ఎవరూ లేవలేదు.